యాభై శాతం తారీఫ్

మా బాపు ఐస్‌క్రీం తెచ్చాడంటే ఇంట్లో ఎవరో పాసయి ఉండాలి. ఆ శుక్రవారం సాయంత్రం మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలం ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని వచ్చేసరికి, పరీక్షలేవీ రాయని నేను బిత్తరపోయాను.

"మా పని అమెరికావోళ్లకు నచ్చింది చంద్రికా. యాభై శాతం తారీఫ్ చేసిన్రంట. సేఠ్ ఫోన్ల చెప్తుంటే చెవులార విన్న. ముప్పై అయిదు వస్తెనే పాసు గదా" అన్నాడు నాతో.

బాపు పేరు భూమయ్య. నాంపల్లిలో అమెరికాకు చొక్కాలు పంపే ఆ సేఠ్ చిన్న కార్ఖానాలో కటింగ్ మాస్టర్. అమ్మ గిన్నెల్లోకి ఐస్‌క్రీం తీస్తూ మురిసిపోతోంది. నాకు మాత్రం అసలు మాటేదో అర్థమైంది. అది తారీఫ్ కాదు, టారిఫ్! పొగడ్త కాదు, సుంకం!

నాకెలా తెలుసంటే, నా పిచ్చే అది. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడే ఓ దుకాణం మెట్ల మీద డిగ్రీ చదివే మేం ఆరుగురం కూర్చుని, పేపర్లో రాజకీయాలూ ప్రపంచ వ్యాపారం గొడవలూ చదివి కొట్లాడుకుంటాం. ఎక్కడో ఓ సంతకం పడితే మా గల్లీలో కుట్టుమిషన్ ఆగిపోతుందని తెలిసిన రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. మాలో పెద్దవాడు శశికిరణన్న పెట్టిన నియమం ఒక్కటే, ఏది చెప్పినా ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి. ఈ ఆదివారం వంతు నాది, విషయం టారిఫ్. కానీ ఆడపిల్లకు రాజకీయాలేంటని, ఈ వారంతో ఆ మెట్లెక్కడం బంద్ అని బాపు ముందే తేల్చేశాడు.

ఇప్పుడు నిజం చెబితే ఉన్న కోపానికి అవమానం తోడవుతుంది. ఊరుకుందామా అంటే, పొద్దున్నే సేఠ్‌ను కలిసి అమ్మకూ అక్కడే పని అడుగుతానంటున్నాడు. ఉన్నవాళ్లనే తగ్గించాలా అని సేఠ్ తల పట్టుకునే రోజున! నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు.

"బాపూ, అది మెచ్చుకునుడు కాదు, పన్ను. మన నూరు రూపాయల అంగీ అమెరికల దిగంగనే ఇంకో యాభై మీద పడతది. గప్పుడు గాడివోళ్లు వేరే దేశం అంగీ కొంటరు."

బాపు చెంచా గిన్నెలో పెట్టేశాడు. ఐస్‌క్రీం కరిగి నీళ్లయింది. ఎందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. మర్నాడు ఎప్పటిలాగే పనికి వెళ్లొచ్చాడు. అమ్మకు పని మాత్రం అడగలేదట.

ఆదివారం నేను చెప్పులేసుకుంటుంటే బాపు కూడా వేసుకున్నాడు. అయిపోయింది, అందరి ముందూ తిట్టి లాక్కొస్తాడనుకున్నాను. ఆబిడ్స్‌లో ఆయన మా కింది మెట్టు మీదే కూర్చున్నాడు. అయినా నేను మొదలుపెట్టాక ఆగలేదు. చొక్కా, ఓడ, పన్ను, ఆగిన మిషన్. చెబుతున్నకొద్దీ ఒంట్లోకి ఎక్కడలేని హుషారు వచ్చింది.

అయ్యాక బాపు లేచాడు. తన తారీఫ్ కథ, ముప్పై అయిదు మార్కులతో సహా, తనే చెప్పేశాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తనూ నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మా కార్ఖానల ఇరవై మందిమి. నిన్న అడిగి చూసిన, ఒక్కనికి ఎరుక లేదు. రేపు అన్నం తినే యాల్లకు వచ్చి గిట్లనే చెప్పు బిడ్డా. సేఠ్‌ను ఏమడగాల్నో గూడ చెప్పు."

ఆడపిల్లకు రాజకీయాలేందన్నవ్ గదా అని మెల్లగా అన్నాను.

"ఔ, అన్న. గప్పుడు నాకు టారిఫ్ గూడ తెల్వకుండె."

ఇంటికి వెళ్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి మళ్లీ ఐస్‌క్రీం తీసుకున్నాడు.