ఆరని దుప్పట్లు

లాండ్రీ అక్క పొద్దున లేవగానే చేసే మొదటి పని పెరట్లోకి వెళ్లి దండెం మీది బట్టలు తడిమి చూడడం. ముందురోజు ఎండ నెత్తి మాడ్చేసినా, పక్కింటివాళ్ల తువాళ్లు అప్పటికే అట్టల్లా బిగుసుకుపోయినా, ఆమె ఆరేసినవి మాత్రం నిన్న ఎలా వేసిందో అలాగే తడిగా వేలాడుతుండేవి. మళ్లీ పిండితే మళ్లీ నీళ్లు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

వీధిలో ఎవరూ దాన్ని పెద్ద విషయం చెయ్యలేదు. లెక్కల మాస్టారు తడి చొక్కానే తొడుక్కుని, "చల్లగా ఉందిలేమ్మా, ఫ్యాను అక్కర్లేదు" అంటూ బడికి పోయేవాడు. బాప్తిస్మానికి తెల్లబట్టలు తీసుకెళ్లడానికొచ్చిన పాస్టరుగారైతే, "ఎలాగూ తడిసేవే కదా" అని నిశ్చింతగా సంచిలో పెట్టుకున్నారు.

హోటల్ మేనేజరుకి మాత్రం అంత ఓపిక లేదు. దుకాణం నడిచేదేమో అతనిచ్చే దుప్పట్ల మీద. "గెస్టులు తుమ్మి చస్తున్నారక్కా. శనివారానికి ఆరినవి ఇస్తే సరే. లేదంటే వేరేచోట చూసుకుంటా" అని తేల్చి చెప్పేశాడు.

దుకాణం మూతపడితే లాండ్రీ అక్క తమ్ముడింటికి, అత్తగారు కూతురింటికి పోవాలి. చెరో ఊరు. పెళ్లైన కొత్తలో ఆ అత్తాకోడళ్లకి క్షణం పడేది కాదు. ఇప్పుడు ఒకరు కనబడకపోతే ఇంకొకరికి కాలూ చెయ్యీ ఆడదు. అయినా ఆ సంగతి పైకి చెప్పుకునే రకాలు కారు ఇద్దరూ.

అసలు అక్క ఏడవలేదు, అదీ చిక్కు. సమాధి దగ్గర అత్తగారే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "మనం నిరీక్షణ ఉన్నవాళ్లం. వాణ్ణి మళ్లీ చూస్తాం. ఏడవకూడదు" అంది. కన్నతల్లే అలా నిలబడితే వాళ్ల విశ్వాసానికి చర్చి సంఘమంతా ముక్కున వేలేసుకుంది. ఇక ఆ విశ్వాసం చెక్కుచెదరకుండా కాపాడడానికి వాళ్లు పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. ఆదరించడానికి ఎవరొచ్చినా హుషారైన పాటలే పాడేవారు. ఆయన ప్రస్తావన వచ్చేలా ఉంటే చటుక్కున ఎండల మీదికి మళ్లేవారు. ఆమె పెదవి కాస్త అదిరితే చాలు, లేచి చెప్పులు వేసుకునేవారు, పాపం, ఆమెకు ఇబ్బంది కలిగించకూడదని. అంతమంది మంచివాళ్ల మధ్య అక్క ఒంటరిదైపోయింది.

హోటల్ గడువు సంగతి తెలిసి, శుక్రవారం స్త్రీల కూటం మొత్తం పెరట్లోకి దిగింది.

"ఇవాళ ప్రార్థన చేతుల్తో చేద్దాం" అంది పాస్టరమ్మ, జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ.

పెద్ద దుప్పటి పిండాలంటే ఇద్దరుండాలి. చెరో చివర పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పాలి. ఇన్నాళ్లూ అక్క రెండో చివరను స్తంభానికి కట్టి నెట్టుకొస్తోంది. ఇప్పుడు దాన్ని బేకరీ ఆవిడ అందుకుంది. పిండి పిసికి పిసికి ఉక్కులా అయిన చేతులు ఆవిడవి. కానీ ఇద్దరూ ఒకే వైపుకి తిప్పడంతో దుప్పటి మెలిపడకుండా గిరగిరా తిరిగింది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

"అలా కాదొదినా, ఎదురు తిప్పాలి. ఆయన కూడా మొదట్లో ఇలాగే... ఎన్నిసార్లు చెప్పినా..."

పెరడంతా గతుక్కుమంది. అలవాటుకొద్దీ ఎవరో హుషారుగా పాట ఎత్తుకున్నారు.

"ఆపండమ్మా ఆ పాట!" అత్తగారు క్లిప్పుల బుట్ట కింద పెట్టేసింది. "దాన్ని చెప్పనివ్వండి. చెప్పవే, వాడెలా తిప్పేవాడు?"

"ఏడుపొస్తోంది అత్తయ్యా."

"రానీ. కాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడు. ఆయనకంటే మనం గట్టివాళ్లమా? వాణ్ణి మళ్లీ చూస్తాం, అది ఖాయం. కానీ ఇవాళ లేడు కదే!"

ఆ మాటంటూనే ఆవిడే ముందు భోరుమంది. కోడలు పరుగున వచ్చి ఆవిడ మెడ వాటేసుకుంది. ఈసారి ఎవరూ చెప్పులు వెతుక్కోలేదు. కళ్లు తుడుచుకుంటూనే పిండారు, పిండుతూనే ఆయన గురించి చెప్పుకున్నారు. ఆయన క్లిప్పులు పళ్లతో పట్టుకుని పాడేవాడని, ఆ పాట ఏదో దేవుడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదని అక్క చెబుతుంటే, ఏడుపు మధ్యలో నవ్వులు పుట్టాయి. పాస్టరమ్మ వాక్యమేదీ చెప్పలేదు, దుప్పటి రెండో చివర పట్టుకుని వింది. నీళ్లు తొట్లు నిండి, పెరడు దాటి, వీధి కాలువలోకి పారాయి.

"ఉప్పగా ఉన్నాయి, మొక్కలకి పొయ్యకండి" అంది బేకరీ ఆవిడ, వేలు నాకి చూసి.

సాయంత్రానికి దుప్పట్లు గాలికి పటపటలాడాయి. అక్క ఒకదాన్ని చెంపకి ఆనించుకుంది. ఆయన లేని లోటు అలాగే ఉంది. అయినా ఆమెకు భయం వెయ్యలేదు. ఆయన ఎవరి దగ్గరున్నాడో తెలుసు, తనకు ఎవరున్నారో కూడా ఇప్పుడు తెలుసు.

శనివారం మేనేజరు వచ్చి మూట విప్పి, దుప్పట్లు తడిమి చూశాడు. ఎలా ఆరాయని అడగలేదు.

"సోమవారం మళ్లీ పంపనా అక్కా?"

ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు, కూతురింటికని రహస్యంగా సర్దుకున్న పెట్టెను లోపల్నుంచి ఈడ్చుకొచ్చింది. మూత తెరిచి, నలిగిన బట్టలన్నీ ఇస్త్రీ బల్ల మీద కుమ్మరించింది.

"పంపించు బాబూ. ముందు ఇవి ఇస్త్రీ చెయ్యాలి, అంతే."