గాలికి మూతలు బిగించిన రోజు

నేను ఒక మూతలు బిగించే యంత్రాన్ని. ప్రస్తుతం గాలికి మూతలు బిగిస్తున్నాను.

టప్, టప్, టప్! ముందు సీసా లేదు, అయినా మూత పడుతోంది. ఎర్ర మూతలు నేలంతా దొర్లుతున్నాయి. ఒకటి ఎగిరి యజమాని చెన్నకేశవులు బట్టతలకు తగిలింది. నన్ను ఆపి మళ్లీ వేశారు. మళ్లీ అదే వాన.

"లారీ పిలవండప్పా! దీన్ని వచ్చిన చోటికే పంపిచ్చేస్తా!" అని ఆయన అరిచాడు.

నేను కోయంబత్తూరులో పుట్టి, నాలుగు రోజుల కిందటే ప్రొద్దుటూరులోని ఈ నన్నారి షర్బత్ ఫ్యాక్టరీకి వచ్చాను. నన్ను ఎంచుకున్నది ఓబులమ్మ. ఇరవై ఏళ్లుగా చేత్తో మూతలు తిప్పి మణికట్టు అరగదీసుకున్న మనిషి. యజమాని బామ్మర్ది సుంకన్న చూపించిన చవక యంత్రం ఫొటోను పక్కకు నెట్టి, వంద సీసాలు రైల్లో కోయంబత్తూరు దాకా మోసుకొచ్చి, నాచేత బిగించి, ఒక్కొక్కటీ తలకిందులుగా ఊపి చూసి, "ఇదే కావాల" అంది. మనుషులు కాబోయే అల్లుణ్ణి కూడా అంత గట్టిగా ఊపి చూడరు.

నేను వెళ్లిపోతే ఆమె మళ్లీ చేత్తో తిప్పాల్సిందే.

"నేను చెప్తే వింటివా బావా?" అని సుంకన్న నవ్వాడు.

"నువ్వే ఏందో చేసింటావు" అంది ఓబులమ్మ.

"నేనా? దీని స్విచ్చి యాడుందో కూడా నాకు తెలీదక్కా!"

అది నిజమే. నిన్న నన్ను ఆన్ చేయబోయి ఫ్యాను వేశాడు.

నాకు నోరు లేదు. కన్ను ఉంది, ఒక్కటే. ఎదుటి నుంచి వచ్చే వెలుగు ఆగితే సీసా వచ్చిందని అర్థం, మూత వేసేస్తాను. పొద్దుటి నుంచి ఆ వెలుగే రావడం లేదు. తప్పు నాదా, మీరే చెప్పండి?

ఓబులమ్మ వంగి నా కంట్లోకి చూసింది. కొంగుతో తుడిచింది. మూతల వాన టక్కున ఆగింది. కొంగు నల్లబడింది.

"కాటుక! మిషన్ కంటికి దిష్టిచుక్క ఎవురు పెట్టింది?"

సుంకన్న రెండు చేతులూ చాపి చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి. అందరూ చాపారు. చెన్నకేశవులు మాత్రం కుడిచెయ్యి జేబులో పెట్టుకుని పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు.

"చెయ్యి బయటికి తీయండి సార్."

తీశాడు. చూపుడువేలు కొన నల్లగా ఉంది.

"పొద్దున బజారోళ్లంతా వచ్చి, అబ్బా ఎంత బాగుందో అనిరి" అని గొణిగాడు. "ఏమన్నా అయితాదేమోనని... ఆడ నున్నగా కనపడితే పెట్టినా."

ఓబులమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, గేటు దాకా వినపడేలా అరిచింది:

"లారీ వద్దని చెప్పండి! దొంగ దొరికినాడు. మన చెన్నకేశవులు సారే!"