హెచ్చరిక బోర్డు కలదు

నేను ఒక హెచ్చరిక బోర్డును. పసుపు రేకు మీద నల్లని అక్షరాలు: "ప్రమాద స్థలం. నెమ్మదిగా వెళ్ళండి." విశాఖలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాలుగు వరుసల రోడ్డు దిబ్బలపాలేన్ని రెండుగా చీల్చినప్పుడు నన్ను తెచ్చి అక్కడ పాతారు. ఇళ్ళు ఒక పక్క, చేపల బజారు రెండో పక్క. జనం దాటడానికి రోడ్డు కింద నుంచి దారి కావాలని ఊరు అడిగింది. వాళ్ళకు నేను దక్కాను.

నన్ను ఎవరూ చదవలేదు. ట్యూషన్ వాళ్ళు నా మొహాన కాగితాలు అంటించారు. ఏడాదిలో రోడ్డు దాటబోయి ముగ్గురు పోయారు.

అప్పుడు ఆ ఊరి జాలరి ఎల్లాజీ తన పడవ పాత మోకు, లావుపాటి తాడు, తెచ్చి, రోడ్డు మీద అడ్డంగా గట్టులా పరిచి మేకులు కొట్టాడు. వాళ్ళమ్మ కాసులమ్మ రోజూ పొద్దున్నే చేపల గంపతో అక్కడే దాటుతుంది.

"బోర్డు సదివి ఆగినోడు ఒక్కడూ లేడు. దీన్ని సూసి ఎవుడాగడో సూద్దాం" అన్నాడు.

అందరూ ఆగారు. ఎంత పెద్ద కారైనా ఆ తాడు ముందు తల వంచి నడిచేది. అక్షరం ముక్క రాని తాడు, పైగా చేపల కంపు! నాకు కడుపు మండిపోయింది. కాసులమ్మ దాని పక్కనే ధీమాగా దాటేది. ఆ తర్వాత తాగుతున్న చుట్టను నా కాలికి నలిపి ఆర్పేది.

ఒకనాడు మంత్రిగారు వస్తున్నారని, ఆయన కారు కుదుపుకు గురికాకూడదని, రోడ్డు వాళ్ళు మోకు పీకి పక్కన పడేశారు. నన్ను మాత్రం సబ్బుతో కడిగారు. పీడ విరగడైందని పొంగిపోయాను. ఎల్లాజీ వేటకు వెళ్ళి ఉన్నాడు. మంత్రిగారు వెళ్ళిపోయినా మోకును ఎవరూ తిరిగి వెయ్యలేదు.

మర్నాడు కాసులమ్మ ఎప్పటిలాగే కారు నెమ్మదిస్తుందనుకుని అడుగేసింది. తళతళలాడుతున్న నన్ను దాటుకుని వచ్చిన కారు నెమ్మదించలేదు. గంప నా కాళ్ళ దగ్గర బోర్లా పడింది.

సాయంత్రం రోడ్డు వాళ్ళ ఇంజనీరు వచ్చి నన్ను పైనుంచి కింది దాకా చదివాడు. నన్ను పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే. ఫోటో తీయించి, ప్రమాదం రిపోర్టులో రాయించాడు: "హెచ్చరిక బోర్డు కలదు. మృతురాలు నిర్లక్ష్యముగా దాటినది." నన్ను ఎందుకు పాతారో నాకు అప్పుడు అర్థమైంది.

తల్లి కర్మ అయ్యాక ఎల్లాజీ మోకును మళ్ళీ పరిచాడు. ఈసారి దాని కొసను నా కాలికి చుట్టి ముడేశాడు. "ఊరికే నిలబడ్డావు గదా, దీన్ని పట్టుకో" అన్నాడు.

కార్లు ఇప్పటికీ దానికే ఆగుతాయి. నా అసూయ చావలేదు. కానీ ఇక ఆ మోకును పీకాలంటే ముందు నన్ను పీకాలి.