పొట్లాలు కట్టే చేతులు

ఉదయం ఆరింటికి ప్రోగ్రామరు ఎవరిస్తో చేతిలో ఉన్నవి రెండు గంటల వ్యవధి, ఒకేసారి ఎనిమిది పనులు చేయగల ఎనిమిది కోర్ల సర్వరు ఒకటి, పదకొండేళ్ల కిందట తానే రాసిన జావాస్క్రిప్ట్ ప్రోగ్రామూ. ఉద్యోగంలో ఇది ఆఖరి రోజు. ఒరూరో ఊరి బస్టాండులో కార్నివాల్ పండగ బస్సు టికెట్లు ఎనిమిదింటికి తెరుస్తారు. ఇవాళ సర్వరు నిలిచిపోతే అమ్మకం లా పాస్ నగరం కంపెనీ వాళ్లకిచ్చి, ఆరు కౌంటర్లూ మూసేస్తానని యజమానురాలు బెత్సబే చెప్పేసింది.

చలికి పగిలిన వేళ్లతో సర్వరును ఆపి, మళ్లీ నడిపాడు. రోజుకు పదిసార్లు చేసే పనే.

"ఏం దోన్ ఎవరిస్తో, వెళ్లేరోజైనా మీ గాడిద కదులుతుందా?" మూడో కౌంటరు నికొలాసా తొంగిచూసింది. "బయట వరుస కట్టిన జనం అప్పుడే నా జడలు పీకేలా ఉన్నారు."

"తప్పు గాడిదది కాదమ్మా, మోత కట్టినవాడిది."

పోయిన వారం మొదటిసారి ఊహించడం మాని కొలిచి చూశాడు. సీటు ఇవ్వడానికి రెప్పపాటు కూడా పట్టడం లేదు. టికెట్టు బొమ్మ గీయడానికే రెండు సెకన్లు. గల్లా మీద కూర్చున్నవాడే ప్రతి సరుకూ పొట్లం కడుతుంటే వరుస ఎలా కదులుతుంది? ఎనిమిది కోర్లలో ఏడు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఇన్నేళ్లూ యంత్రానికి వయసైందని చెప్పి రెండుసార్లు పెద్దది కొనిపించాడు. పని లేని చేతుల్నే పెంచాడు.

ఇప్పుడు సీట్ల పని గల్లా దగ్గరే ఉంచి, బొమ్మలు గీసే పని నాలుగు కోర్లకు పంచాడు. పందొమ్మిది పంక్తుల రాత. ఇంట్లో పరీక్షిస్తే నడిచింది, ఇక్కడ నడవాలి.

ఏడున్నరకు బెత్సబే రంగు కాగితాల తోరణాలు, బీరు సీసా పట్టుకొచ్చింది. పండగ ముందు పనిముట్లకు మొక్కు చెల్లించాలిగా.

"సర్వరు మీద పొయ్యకండి సెన్యోరా! భూతల్లికి నేల మీద చాలు."

"తాగితేనైనా పరిగెడుతుందేమో చూద్దామయ్యా!"

ఎనిమిదింటికి తలుపులు తెరిచారు. తొమ్మిది దాటింది, పది దాటింది. ఎవరిస్తో వేలు రెండుసార్లు అలవాటుగా సర్వరు ఆపే మీట మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. మధ్యాహ్నానికి వరుస వీధిలోంచి గుమ్మంలోకి తగ్గింది.

"ఇంతకాలం ఎవడయ్యా ఈ తప్పు చేసింది?" అంది, అతను ఏం మార్చాడో విన్న బెత్సబే.

"నేనే."

"పదకొండేళ్లా?"

"పదకొండేళ్లు."

ఆమె అతని ముఖంలోకి చూసి నవ్వేసింది. "పోతున్నావు గనక బతికిపోయావు. కౌంటర్లు ఉంటాయి, పో."

ఎవరిస్తో భుజాల మీది బరువు దిగింది. నాలుగింటికి కోటు తొడుక్కుని బయటికి నడిచాడు. అమ్మకంలో మునిగి ఎవరూ తలెత్తలేదు. అది అతనికి హాయిగానే అనిపించింది.

లెక్క తేల్చితే, టికెట్టు కోసం కౌంటరు ముందు పన్నెండు సెకన్లు ఆగే మనిషి ఇప్పుడు మూడు సెకన్లే ఆగుతున్నాడు. ఆరు కౌంటర్లు మిగిలాయి. అతని పరువు కాస్త తరిగింది. సర్వరు ఆగినప్పుడు తాగుదామని నికొలాసా పొద్దున తెచ్చుకున్న ఊదారంగు మొక్కజొన్న జావ, కిటికీ గట్టు మీద తొరక కట్టి, ముట్టకుండా ఉంది.