పంతొమ్మిదేళ్ళ మైనరు

ఏజెంటు తెల్మో ఆ ఇంటికి రావడం మూడోసారి. ఒకసారి మిక్సీ తెచ్చాడు, ఒకసారి ఫ్యాను. ఊరికే వచ్చే సొమ్ములో తిరకాసు ఉంటుందని ఇరాసికి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా బబసు అనే తాటిజాతి చెట్టు కాయలు కొట్టి, నూనెగింజలు అమ్ముకుని బతుకుతున్న మనిషి. పగలగొట్టకుండానే లోపలి గింజ పుచ్చిందో లేదో చెప్పగలదు.

రెసిఫె నగరంలో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు ఆమె కొడుకు జోయెల్సన్‌ని తీసుకుంటుందట. కుడి అంచున వాడికి బంతి దొరికితే ఎదుటివాళ్ళకు ముచ్చెమటలేనట.

"రేపు క్లబ్బు తరఫున ఒకావిడ వస్తుంది డోనా ఇరాసీ. కుర్రాడు మైనరు కదా, మీ సంతకం కావాలి," అన్నాడు తెల్మో, మర్యాదకు డోనా తగిలిస్తూ.

మొన్న జూన్‌లో, సెయింట్ జాన్ పండగకు మంటలు వేసేనాటికి వాడికి పంతొమ్మిది నిండాయి. మైనరెలా అవుతాడు? ఈ ఏజెంటు నోరు జారాడా, తనను వెర్రిబాగులదాన్ని అనుకున్నాడా? ఇరాసి అడగలేదు. అడిగితే ఎలాగూ అబద్ధమే చెప్తాడు.

అతను వెళ్ళగానే కాగితాలు దాచిన రేకుడబ్బా దించింది. జోయెల్సన్ పుట్టిన పత్రం ఉంది. దవీది లేదు.

దవీ ఆమె రెండోవాడు. అన్న తర్వాత రెండేళ్ళకు పుట్టి, నాలుగో నెలలో జ్వరంతో పోయాడు. ఆ ఊళ్ళల్లో చంటిబిడ్డ పోతే దేవదూత అయ్యాడంటారు, నీలంరంగు పెట్టెలో పెట్టి పూడ్చి వస్తారు. ఆఫీసుకెళ్ళి చావు రాయించాలన్న ధ్యాస ఎవరికుంటుంది? ఏడవడానికే ఓపిక లేని రోజులవి. సర్కారు కాగితాల్లో దవీ ఇంకా బతికే ఉన్నాడు, పదిహేడేళ్ళ కుర్రాడై.

కాఫీ కాస్తున్నప్పుడు కాజేసి ఉంటాడు దొంగవెధవ అని తెల్మోని రాత్రంతా తిట్టుకుంది.

మర్నాడు తెల్మో, జోయెల్సన్, క్లబ్బు ఆవిడ ముగ్గురూ కలిసి వచ్చారు. ఆవిడ బల్లమీద కాగితాలు పరిచింది. ఫొటో జోయెల్సన్‌ది, పేరు దవీది. మీకు పిల్లలెంతమందమ్మా అని ఆవిడ మర్యాదగా అడిగింది. ఇరాసి తెల్మోవైపు కొరకొరా చూసింది. జవాబు మాత్రం కొడుకు దగ్గర్నుంచి వచ్చింది.

"ఇద్దరమండీ. మా అన్న జోయెల్సన్ నాలుగు నెలలప్పుడే పోయాడు."

సిలువ గుర్తు కూడా వేసుకున్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టిందెవరో ఇరాసికి అప్పుడు తెలిసింది. ఆమె అనుమానం ఊరంతా తిరిగింది గానీ కన్నకొడుకు గడప ఒక్కసారీ తొక్కలేదు.

కాఫీకి సాయం రమ్మని వాణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"అందరూ చేసేదే అమ్మా," అన్నాడు వాడు గుసగుసగా. "పంతొమ్మిదేళ్ళంటే ఇక ఏ క్లబ్బూ చూడదు. ఆ కాగితం తమ్ముడికేం పనికొస్తుంది చెప్పు."

అదీ నిజమే అనిపించింది. ఒక్క సంతకంతో వాడి బతుకు ఒడ్డున పడుతుంది. ఒక్క మాటతో ఇన్నేళ్ళ పరుగూ మట్టిపాలవుతుంది, ఆట నుంచే వెలేసినా వేస్తారు. చచ్చినవాడి పేరు బతికున్నవాడికి ఇస్తే తప్పేముంది? కానీ సంతకం పెట్టాక, జోయెల్సన్ ఏడని ఎవరైనా అడిగితే, పోయాడని జీవితాంతం చెప్పాల్సింది తనే.

ముందుగదిలోకి వచ్చి, క్లబ్బు ఆవిడ అందించిన కలం పక్కన పెట్టేసింది.

"పోయింది దవీ అండీ. వీడు జోయెల్సన్. పంతొమ్మిదేళ్ళు."

ఆవిడ కాగితాలు సర్దుకుని బయటికి నడిచింది. తెల్మో ఆమె వెనకాలే బతిమాలుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు.

"నన్ను చంపేశావమ్మా," అన్నాడు కొడుకు.

"పోయావని చెప్పింది నువ్వురా నాన్నా," అంది ఇరాసి. "నేను కాదు."