శ్రమదినాల మౌనం

మా ఊళ్ళో గొంతు లేనివాళ్ళంటూ ఎవరూ లేరు. కోయిలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేస్తేనే పనులు జరుగుతాయి కాబట్టి, మామూలు మాట కూడా మాకు కొట్లాటలాగే వస్తుంది. అంతమందిలోనూ నాది పెద్ద నోరని పేరు. చిన్నప్పుడు నేను జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలితే పక్క చేలో పిట్టలు కూడా లేచిపోయేవని మా నాయన దాసన్న ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ నోటిని పాడే గొంతుగా మార్చింది జయకుమార్ సార్. చెప్పడానికి నాకు ఒళ్ళు మండుతున్నా చెప్పక తప్పదు.

మా చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆయనే. పాటలు రాస్తాడు, వరుసలు కడతాడు, హార్మోనియం వాయిస్తాడు. నేను పదో తరగతిలో ఉండగా ఒక ఇంటి ప్రార్థనలో నా పాట విని, బయటికి పిలిచి నిలబెట్టి అడిగాడు.

"నీ పేరేమి పాపా?"

"స్తుతి సార్."

"ఈ గొంతు నీది గాదు స్తుతీ. దేవుడు బద్రంగా పెట్టమని నీ చేతికిచ్చినాడు. ఇట్ల అరిచి అరిచి చెడగొడితే రేపు ఆయనకేం జవాబు చెప్తావు?"

అంతే. ఆ రోజు నుంచి నా బతుకు ఆయన చెప్పిన పద్ధతిలోకి వెళ్ళిపోయింది. నేల మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద జొన్నల మూట పెట్టుకోవాలి. ఊపిరి తీస్తే మూట లేవాలి, రొమ్ము కదలకూడదు. పొద్దున్నే నోరు మూసుకుని తేనెటీగలాగా మంద్రంలో రాగం తీయాలి. ఫ్రిజ్జు నీళ్ళు ముట్టకూడదు. గొంతు గరగరమంటే గట్టిగా సకిలించకుండా ఒక గుటక గోరువెచ్చని నీళ్ళు మింగాలి. పచ్చళ్ళు వద్దు, ఊరుబిండి వద్దు, కారం బాగా తగ్గించాలి. రాయలసీమలో పుట్టి కారం మానేసిన మనిషిని మీరెవరూ చూసి ఉండరు. మా అమ్మ విశ్వాసమ్మ నా సంగటిలోకి విడిగా చప్పిడి పప్పు చేసిపెడుతూ, ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు ముఖం పెట్టుకునేది.

సార్ కూతురు కృపమణి నా ఈడుదే. ఇద్దరం పక్కపక్కన నిలబడి నేర్చుకున్నాం. తను శ్రుతిలోనే పాడేది గానీ రెండో పాదం వచ్చేసరికి ఊపిరి అయిపోయేది. అప్పుడు నా భుజం మీద వాలిపోయి, "నువ్వు పాడుమే, నేను నవ్వుతా" అనేది. మా ఇద్దరికీ అందులో ఏ పేచీ ఉండేది కాదు. కనీసం నేనట్లా అనుకున్నాను.

ఈ ఏడు శ్రమదినాలకు కొంచెం ముందు సార్ నన్ను కడపకు తీసుకెళ్ళాడు. ఏసు సమాధి దగ్గర ఏడుస్తున్న మరియ మీద ఆయన కొత్తగా పాట రాశాడు. దాన్ని స్టూడియోలో రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలని ఆయన చాలా రోజుల ఆశ. మైదుకూరులో బస్సు ఆగితే అందరూ దిగి టీ తాగారు. సార్ మాత్రం ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కు తీసి, జీలకర్ర వేసి కాచిన నీళ్ళు మూతలో పోసి, తానొకసారి ఊది నాకిచ్చాడు. నన్ను కన్న తండ్రి కూడా నా కోసం అట్లా ఊదలేదు.

"ఈపొద్దు పాడేది ట్రాకే పాపా. బయపడాకు" అన్నాడు.

ట్రాకంటే అసలు పాట కాదు. వాయిద్యాల వాళ్ళకు దారి తెలియడానికి ముందుగా ఒక గొంతు పాడి ఉంచుతుంది. తర్వాత అసలు గాయని వచ్చి పాడాక దాన్ని చెరిపేస్తారు. ట్రాకు పాడినవాళ్ళను ఎవరూ అడగరు. కానీ ఈ పాటకు రెండూ నేనేనని, ఈస్టరు అయ్యాక మళ్ళీ వచ్చి అసలుది పాడతానని సార్ చెప్పాడు. ఎట్లాగూ చెరిపేసేదే కదా అని నేను జంకు లేకుండా పాడాను. అంత బాగా నేనెప్పుడూ పాడలేదు. పాట అయిపోగానే అద్దం వెనకాల కూర్చుని రికార్డు చేస్తున్నతను నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు.

సార్ మాత్రం కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"పైస్వరం కాడ గరుకు తగులుతాంది."

"నాకేం తెలీలేదు సార్."

"నీకెట్ల తెలుస్తాది? పాడేటోళ్ళకు లోపల్నుంచి వినపడేది వేరే, బయట వినపడేది వేరే. గొంతులో కాయలు లేస్తాండాయేమో. అవి ముదిరితే ఇంక పాట ఉండదు పాపా."

కర్నూలు పోయి డాక్టరుకు చూపించుకుంటానన్నాను. వాళ్ళు కోత పెట్టాలంటారని, కోత పెట్టిన గొంతు మళ్ళీ గొంతు కాదని సార్ అన్నాడు. తిరుగు బస్సులో చాలాసేపు ఆలోచించి ఆయనే దారి చెప్పాడు.

"శ్రమదినాలు వస్తాండాయి. అందురూ నీసో టీనో మానుకుంటారు. నువ్వు మాట మానుకో. గొంతుకు విశ్రాంతి ఉంటాది, దేవునికి మొక్కుబడీ ఉంటాది. గుసగుస గూడా వద్దు, అది ఇంకా చేటు. ఈస్టరు పొద్దున నోరు తెరిచి మొట్టమొదలు పాటే పాడు."

ఎంత మంచి ఆలోచన అనిపించిందో చెప్పలేను. ఈస్టరుకు ముందొచ్చే ఈ నలభై శ్రమదినాల్లో మా వాళ్ళు ఏదో ఒకటి వదులుకుని ఉపవాసాలుంటారు. మాట వదులుకున్న వాళ్ళు మాత్రం మా ఊళ్ళో లేరు. అవి మొదలయ్యే భస్మ బుధవారం నాడు పాస్టరయ్య ముందు మోకరించి, గొంతు బాగుపడాలని మొక్కుకున్నాను. సంఘమంతా ఆమేన్ అంది.

నోరు మూసుకున్న మనిషిని ఊరు చెవిటిదాన్ని చేసింది. నేను మాట్లాడనని తెలిసిన ప్రతివాళ్ళూ నా చెవి దగ్గరికొచ్చి అరిచేవాళ్ళు. పక్కింటి లక్ష్మక్క, "మీ దేవునికి నీ నోరే దొరికిందా మే? పోనీలే, వీధికి నెమ్మది" అని ఎగతాళి చేసేది. ఏటా అమ్మా నేనూ కలిసి మిరపకాయలు కోయడానికి పోయేవాళ్ళం. ఈసారి ఆ ఘాటు తగలకూడదని సార్ గట్టిగా చెప్పడంతో అమ్మ ఒక్కతే పోయింది. సాయంత్రం మంటెత్తే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చుని, చేలో ఎవరేమన్నారో నాకు చెప్పేది. నేను అడగాల్సిన ప్రశ్నలు కూడా తనే అడిగి తనే జవాబు చెప్పుకునేది.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక సార్ మా ఇంటికి వచ్చేవాడు. ఫోను లైటు వేసి, నన్ను నోరు తెరవమని గొంతులోకి చూసేవాడు.

"ఇంకా ఎర్రగానే ఉండాది. ఓపిక పట్టు పాపా."

జేబులోంచి కలకండ ముక్క తీసి చేతిలో పెట్టేవాడు. ఆయన పోయాక అమ్మ కళ్ళొత్తుకునేది. నేనూ ఏడ్చేదాన్ని, ఎవరికీ లేని గురువు నాకు దొరికాడని. ఇప్పుడు తలచుకుంటే ఆ కలకండ ముక్కలన్నీ కక్కేయాలనిపిస్తుంది.

కృపమణి మాత్రం ఎందుకో రావడం మానేసింది. ఒకరోజు చర్చి మెట్ల మీద ఎదురుపడింది. ముక్కు మీద ఎండకు కమిలిన మచ్చ. జమ్మలమడుగులో చుట్టాలింటికి పోయానని, నేను అడగకుండానే, తల దించుకుని చెప్పి వెళ్ళిపోయింది. ఏమైందని అడగడానికి నాకు నోరు లేదు.

ఈస్టరుకు వారం ముందు వచ్చేది మట్టల ఆదివారం. ఈత మట్టలు పట్టుకుని వీధుల్లో పాడుకుంటూ అందరం చర్చికి చేరాం. నేనొక్కదాన్నే పెదవులు కదపకుండా నడిచాను. లోపల బలిపీఠం పక్కన తెల్లటి తెర కట్టి ఉంది. వాక్యోపదేశం అయిపోయాక పాస్టరయ్య మైకులో చెప్పాడు.

"మన జయకుమార్ సార్ రాసిన పాట, మన సంఘపు బిడ్డ కృపమణి పాడిన పాట, ఈపొద్దు విడుదల చేస్తాండాము. దేవునికి స్తోత్రం."

తెర మీద, జమ్మలమడుగు పక్కనే ఉండే గండికోట లోయ కనిపించింది. కింద పెన్న. రాళ్ళ అంచున తెల్ల చీరలో కృపమణి, గాలికి జుట్టు ఎగురుతోంది. నోరు తెరిచింది. నా గొంతు వచ్చింది.

నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపం రాలేదు. పాట ఎంత బాగుంది అనిపించింది. తర్వాత ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాను. పెదవులు సరిగ్గానే కలిపింది, బాగా సాధన చేసినట్టుంది. ఊపిరి మాత్రం కలపలేకపోయింది. నేను ఊపిరి తీసుకున్న చోట ఆమె నవ్వుతోంది. నేను స్వరం నిలబెట్టిన చోట ఆమె భుజాలు పైకి లేస్తున్నాయి. ఆ ట్రాకును ఎవరూ చెరపలేదు. చెరపాలని ఎప్పుడూ అనుకోలేదు. చివర్లో అక్షరాలు వచ్చాయి. గానం కృపమణి. రచన, స్వరకల్పన జయకుమార్. కృతజ్ఞతలు అందుకున్నవాళ్ళలో స్టూడియోకు దారి చూపినతను కూడా ఉన్నాడు. నేను లేను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మే, అది నీ గొంతు గదా?"

నేను సార్ వైపు చూశాను. ఆయన అప్పటికే నన్నే చూస్తున్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని, తర్వాత ఆ వేలే పైకి, దేవుని వైపు చూపించాడు. నా పక్కన కూర్చున్నామె, "చూడు, ఆ బిడ్డ గొంతు మీద సారుకెంత పాణమో" అంది.

సంఘపెద్దలు కృపమణిని ఒక్క చరణం పాడి వినిపించమన్నారు. సార్ లేచి, ఈపొద్దు దానికి గొంతు బాగలేదన్నాడు. ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. ముందుకు నడిచాను. సార్ ఎదురొచ్చి, నాకొక్కదానికే వినపడేట్టు అన్నాడు.

"ఇంకొక్క వారం పాపా. ఈడిదాకా వచ్చి చెడగొట్టుకోవద్దు. వీడియోకు మొగం గావల్ల, అందుకే. పాట మనదే గదా? ఎవురు పాడితే ఏమి, మహిమ దేవునికే గదా?"

ఎవరు పాడినా ఒకటే అయితే పేరెందుకు వేశావు? ఆ పేరు మీ ఇంటిదే ఎందుకైంది? అడగాల్సినవన్నీ నా నాలుక మీద వరుసగా నిలబడ్డాయి. కానీ నాకు భయం. మొక్కుబడి తప్పుతుందని భయం. అంతకంటే ఎక్కువ, ఎర్రగా వాచిన గొంతుతో ఆ పైస్వరానికి పోతే అది చిరిగిపోతుందని, ఇంక ఎప్పటికీ పాడలేనని భయం. పాడకపోతే మాత్రం రేపటి నుంచి ఆ గొంతు కృపమణిది. ఈస్టరు నాడు నేను నోరు తెరిస్తే, ఆ పిల్లను చూసి పాడుతోందంటారు.

"స్తుతీ, ఏమ్మా?" అన్నాడు పాస్టరయ్య.

ప్రభువా, మాట తప్పుతున్నాను అని లోపల అనుకుని రెండో చరణం ఎత్తుకున్నాను. గరుకని ఆయన చెప్పిన పైస్వరం అందులోనే ఉంది.

"వద్దు పాపా, గొంతు పోతాది!" సార్ ఈసారి అందరికీ వినపడేట్టు అరిచాడు.

మొదటి పాదం పీలగా వచ్చింది. రెండో పాదానికి గొంతు తెరుచుకుంది. ఇప్పుడే విన్న గొంతు మళ్ళీ వింటున్నామని ఒక్కొక్కరికీ తెలుస్తోంది. కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవసాగింది. పైస్వరానికి ముందు నేను అలవాటు చొప్పున సార్ వైపు చూశాను. ఆయన కూడా అలవాటు చొప్పునే, ఊపిరి తీసుకోమని చెయ్యెత్తాడు. నేను తీసుకున్నాను.

ఆ క్షణాన ఆ గరుకు తగలాలని నేనెంత కోరుకున్నానో ఎవరికీ తెలియదు. తగిలితే ఆ ఫోను లైటు నిజం, ఆ కలకండ నిజం. ఆయన నా దగ్గర ఒక్క పాటే దొంగిలించాడని సరిపెట్టుకునేదాన్ని. స్వరం వచ్చింది. శుభ్రంగా, ఏ అడ్డూ లేకుండా వచ్చింది. ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకుని గరుకు కోసం వెతికాను. ఎక్కడా లేదు.

పాట ఆపేసరికి నా ముఖమంతా కన్నీళ్ళు. దేవుడు బిడ్డ గొంతు బాగుచేశాడని వెనక వరసల్లో ఎవరో హల్లెలూయ అన్నారు, చాలామంది అందుకున్నారు. ఆ గొంతుకు ఏ జబ్బూ రాలేదని అక్కడ ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోవాడు తల ఎత్తకుండా హార్మోనియానికి మూత వేస్తున్నాడు.