ఐజిరెక్ గొంతులో మిగిలిన పాటలు

పొద్దున్నే పొయ్యి మీద టీ నీళ్లు పడేసి, రేడియో చెవి మెలిపెట్టి, ఆ తర్వాతే కుట్టుమిషన్ మీది గుడ్డ తీసేది అనార్కుల్. బిష్కెక్‌లో పాడేవాళ్లు వేదిక మీద వేసుకునే బట్టలన్నీ ఇరవై ఏడేళ్లుగా ఆమే కుడుతోంది. చేతులు ముఖమల్ మీద, చెవులు రేడియో మీద. నచ్చని పాట వస్తే నోట్లో గుండుసూదులున్నా సరే, వాటి సందుల్లోంచే తిట్టేది.

ఆమెకి కోముజ్ వాయిద్యం తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా వినపడాలి. పాడేవాళ్లు చరణానికి ముందు గుక్క పీల్చుకోవడం వినపడాలి. ఇప్పటి పాటల్లో ఊపిరే ఉండదనేది ఆమె బాధ. గొంతుల్ని కంప్యూటర్లో వేసి ముడతలన్నీ ఇస్త్రీ చేసేస్తున్నారని, పదిమంది పాడినా ఒక్కడే పాడినట్టుంటోందని పక్కింటివాళ్లతో వాదించేది. పెళ్లి విందుల్లో పాడించే కంపెనీలంటే మరీ మంట. వాళ్లకి కావలసింది గోడ మీద అంటించుకోడానికో మొహం, గొంతెవరిదైతేనేం అనేది.

వాళ్లమ్మ ఆడగుర్రం వీపు మీద అరచెయ్యి ఆనించి, ఇంకెన్నాళ్లు పాలు ఇస్తుందో చెప్పేది. అనార్కుల్‌కి ఆ విద్య గొంతుల్లో అబ్బింది. ఒక్క పాట వింటే చాలు, ఆ గొంతులో ఇంకెన్ని మిగిలాయో తెలిసిపోయేది. మొదట్నుంచి చివరిదాకా పాడితేనే ఒకటి తగ్గుతుంది, కూనిరాగాలకి తగ్గదు. చాలామందికి వేలల్లో ఉంటాయి, చచ్చేదాకా పాడినా తరగవు. ఏ కొందరికో కొద్దిపాటివి. అవి అయిపోయిన రోజున పాటతో పాటు మాటా పోతుంది. కుబాన్ అనే గాయకుడికి ముప్పై ఒకటో ఏట అలాగే పోయింది. ఇప్పుడు బజార్లో చెప్పులమ్ముతున్నాడు, ధర వేళ్లతో చూపిస్తాడు. ఊట ఎండిపోయిందంటే జనం ఎలా వింటారో ఇదీ అలాగే విన్నారు. ఎవరూ వింతపడలేదు.

మార్చి నెలలో సమత్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. అతను పెళ్లిపాటల కంపెనీ యజమాని, కుబాన్ చేత పాడించింది కూడా అతనే. అమ్మాయి పేరు ఐజిరెక్. పందొమ్మిదేళ్లు. అట్-బాషి కొండల వైపు గొర్రెలకాపరి కూతురు. ఫోనొస్తే సమత్ వాకిట్లోకి వెళ్లాడు. కొలతలు తీస్తూ తీస్తూ ఉండబట్టలేక, ఏదైనా పాడమని అడిగింది అనార్కుల్.

ఐజిరెక్ తన నానమ్మ పాట పాడింది. మంచులో తప్పిపోయిన గొర్రెపిల్లని పిలిచే పాట. అనార్కుల్ చేతిలో కొలతల టేపు కిందికి జారిపోయింది. ఇన్నేళ్లు రేడియో ముందు కూర్చుని తను ఎదురుచూసింది ఈ గొంతు కోసమేనని ఆమెకి తెలిసింది. పాట ముగిసేసరికి రెండో సంగతీ తెలిసింది. నాలుగు. తను అడక్కపోయి ఉంటే అయిదు.

సమత్ లోపలికొచ్చి బల్ల ముందు కూర్చుని, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె తుంచి జామ్‌లో ముంచుకున్నాడు. ఆమె విద్య సంగతి అతనికి తెలుసు, ఈ గొంతులో ఎన్నున్నాయని మామూలుగా అడిగాడు. ఎందుకు నాయనా అని అడిగిందామె. అతనేమీ దాచలేదు. ఉన్నవన్నీ ఒక్క వారంలో రికార్డు చేయించేస్తాడట. ఆ తర్వాత పెళ్లిళ్లలో రికార్డు పాడుతుంది, పిల్ల పెదవులాడిస్తే సరిపోతుంది.

"నాలుగుంటే చాలక్కా, లాగించేస్తాను," అన్నాడు. "నిజం చెప్పాలంటే తక్కువున్నవాళ్లే నయం. నోరు పోయాక ఇంక నాతో తగువేసుకోరు."

ఐజిరెక్ గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. అనార్కుల్ కింద పడ్డ టేపు తీసుకుని నిదానంగా చుట్టింది. గొంతుల సంగతిలో ఆమె ఏనాడూ అబద్ధమాడలేదు.

"ఒకటే ఉంది," అంది.

సమత్ ముఖం మాడ్చుకున్నాడు. సరే, ఆ ఒక్కటీ రేపు పాడించి వదిలేస్తానన్నాడు. కొలతలు పూర్తవ్వాలని పిల్లని అక్కడే వదిలి వెళ్లాడు. అతని కారు సందు మలుపు తిరిగాక అనార్కుల్ ఆ పిల్ల రెండు చెంపలూ పట్టుకుంది.

"నాలుగున్నాయే తల్లీ. రేపు పాడు. పాటయ్యాక మాత్రం నోరు తెరవకు. ఏమైనా సరే తెరవకు."

మర్నాడు స్టూడియోలో ఐజిరెక్ పాడింది. మాట్లాడించి చూశారు. తల అడ్డంగా ఊపింది. సమత్ డ్రైవరు టొలోన్ టీ అందిస్తూ, చెయ్యి జారినట్టు ఆమె ముంజేతి మీద వేడివేడిగా ఒలకబోశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పెదవులు విడిపోలేదు. సమత్ ఒప్పందం కాగితాన్ని చింపి బుట్టలో పడేశాడు.

తన ఊరికెళ్లే కనుమ దారిలో మంచు కరిగేదాకా ఐజిరెక్ అనార్కుల్ ఇంట్లోనే ఉంది. కాలిన చేతికి అనార్కుల్ గొర్రెకొవ్వు రాసేది. టొలోన్ కారు రోజూ ఏదో ఒక వేళ సందు చివర ఆగేది. అందుకని తలుపులు మూసుకున్నా ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకున్నారు. ఈలోగా ఆ పాట బయటికొచ్చింది. డప్పులు కలిపారు, గొంతుని నున్నగా చేశారు. వ్యానుల్లో, బజార్లో, మంగలి దుకాణంలో అదే మోత. పాపం, ఒక్కటే ఉండిందట ఆ పిల్లకి అని జనం అనుకునేవారు.

ఏప్రిల్ చివర్లో ఇద్దరూ బస్టాండుకి వెళ్లారు. టొలోన్ అక్కడా ఉన్నాడు, కారుకి ఆనుకుని సిగరెట్ కాలుస్తూ, ఐజిరెక్ పెదవుల వంకే చూస్తూ. బస్సెక్కే ముందు ఆమె అనార్కుల్ చెయ్యి అందుకుని, శాలువా చాటున అరచేతిలో వేలితో ఒక్కో అక్షరమే రాసింది. మా ఊరు రండి. ఒకటి మీకోసం పాడతాను.

ఈ లోకంలో అనార్కుల్‌కి అంతకంటే కావలసింది ఇంకేదీ లేదు. వస్తానని తల ఊపితే చాలు. ఆమె పిడికిలి మూసేసింది. ఐజిరెక్‌ని కౌగిలించుకుని చెవిలో, "మూడూ నీవే. నాకొద్దు. ఎక్కు," అంది.

బస్సు కదిలి వెళ్లిపోయింది. టొలోన్ సిగరెట్ పారేసి దగ్గరికొచ్చాడు. రేపు పది గంటలకి సమత్ ఇంకో అమ్మాయిని తీసుకొస్తున్నాడని, ఈసారి పిల్లకి పదహారేళ్లేనని చెప్పాడు. అనార్కుల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంటి నాయనా?"

అతను గట్టిగా చెప్పాడు.

"వినబడటం లేదయ్యా. ఈ చలి పోతూ పోతూ నా చెవులు పట్టుకుపోయింది. మిషన్ చప్పుడు కూడా వినబడటం లేదు. సమత్‌కి చెప్పు, గొంతులు చూడటం ఇక నా వల్ల కాదని. కుట్టమంటే కుడతాను."

టొలోన్ ఆశ్చర్యపోలేదు. ఆమెనే చూస్తూ వెనక్కి నడిచి, కారు తలుపు తెరిచి, రేడియో గొంతు చివరిదాకా పెంచాడు.

ఐజిరెక్ పాట. అన్ని డప్పుల కింద నలిగినా అది ఆమె గొంతే. బస్టాండులో జనం తలలు తిప్పి చూశారు. బెంచీల దగ్గర గింజలు తింటున్న పావురాలు లేచిపోయాయి. అనార్కుల్ వంగి బూటు తాడు ముడేసుకుంది, నెమ్మదిగా, రెండు ముళ్లు. లేచి, చెవిటివాళ్లు అరిచినట్టు అరిచి, తన ఇంటి వైపు వెళ్లే బస్సు ఎటు ఆగుతుందని అడిగింది.

టొలోన్ కాసేపు ఆమె కళ్లలోకి చూశాడు. తర్వాత చెవిటివాళ్లకి చూపించినట్టు చెయ్యెత్తి దారి చూపించాడు.

ఆమె అటే నడిచింది. వెనక రెండో చరణం మొదలైంది. ఆమె అడుగు తడబడలేదు, తల తిరగలేదు. ఇంటికెళ్లాక రేడియో తీసి పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.